ఐదు వేల నాలుగు వందలు

మా అత్త పింఛను ఆగిపోయింది నా వల్ల. ఆ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం సులువు.

మా ఆయనది కుప్పం దగ్గర పల్లె. నాది పుంగనూరు. పిల్లల చదువుల కోసం 2016 నుంచి మదనపల్లెలో బాడుగింట్లో ఉన్నాం. ఆయన 2011లో కువైట్ పోయాడు. మొదట పైపులు మోసే పని, తర్వాత వెల్డింగు, ఆపైన ఫోర్‌మన్. 2022 నాటికి జీతం 520 దీనార్లు. మన డబ్బుల్లో లక్షా ముప్పై వేలకు తక్కువ కాదు. మా వీధిలో నా పేరు ఎవరికీ గుర్తులేదు, ‘కువైటామె’ అనేవాళ్లు. ఆ జీతం ఇక్కడ గొప్పే, అక్కడ కాదు. 2024 జనవరిలో ఫ్యామిలీ వీసాలు మళ్లీ తెరిచినప్పుడు నెలకు 800 దీనార్ల జీతం, పైగా డిగ్రీ ఉండాలన్నారు. ఈయన చదివింది పదో తరగతి.

ఆయన పంపిన దాంట్లో కొంత మిగిల్చి 9 లక్షలు నా పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాను. అదే డబ్బు ఆయన పేరున ఎన్ఆర్ఈ ఖాతాలో వేసుంటే వడ్డీ మీద ఇక్కడ పన్నే లేదట. నాకెవరు చెప్పారు? ఒక ఏడాదిలో 54,000 వడ్డీ వచ్చింది. అప్పట్లో 40,000 దాటితే బ్యాంకు పదో వంతు టీడీఎస్ పట్టుకునేది. 5,400 పట్టుకున్నారు. ‘రిటర్ను వేస్తే మొత్తం వెనక్కి వస్తుంది మేడం’ అన్నాడు ఒకాయన. 500 తీసుకుని 2023 జూలైలో నా పాన్ మీద వేసిపెట్టాడు. కట్టాల్సిన పన్ను సున్నా. నెల తిరక్కుండా డబ్బు పడింది. ఆ మెసేజిని ఫొటో తీసి మా ఆయనకు పంపాను, ఏదో సాధించినట్టు.

ఆ అక్టోబరులో ఆయన కంపెనీ జీతాలు ఆపేసింది. ఈ నెల, వచ్చే నెల అంటూ నాలుగు నెలలు గడిపేసి, చివరికి అక్కడ ఉండనిచ్చే అకామా కాగితం కూడా రెన్యువల్ చేయలేదు. అకామా లేకపోతే బయట తిరగడానికి లేదు, వేరే పనికి పోవడానికి లేదు, అప్పట్లో రోజుకు రెండు దీనార్ల జరిమానా. క్యాంపులో పదిమంది కలిసి వండుకుని తింటున్నామని చెప్పేవాడు. ఏం వండుకుంటున్నారో నేను అడిగేదాన్ని కాదు. ఇక్కడ మేం మొదలుపెట్టిన ఇల్లు లింటెల్ దాకా లేచి నిలిచిపోయింది. డిపాజిట్ అప్పటికే దాంట్లో పోసేశాం.

డిసెంబరు 1న కుప్పం నుంచి అత్త ఫోన్ చేసింది. ‘పింఛను నాకు లేదంట మే. ఆ వాలంటీరు పిల్లోడు సెల్లో చూసి ఇన్‌కంటాక్సు కడతా ఉండారు అవ్వా మీ ఇంట్లో అంటాడు.’ కాసేపాగి, ‘నా కొడుకు సంపాదిస్తా ఉండాడని గవర్మెంటుకు ఎవురు చెప్పినారు?’ అంది.

చెప్పింది నేనే. మా అత్త పొయ్యి వేరు, ఊరు వేరు, బియ్యం కార్డు మాత్రం ఒకటే. ఆ కార్డులో ఉన్న అందరినీ కలిపి ఆరు రకాలుగా వడబోస్తారు: భూమి, కారు, కరెంటు, పట్నంలో ఇల్లు, సర్కారు ఉద్యోగం, ఆదాయపు పన్ను. కార్డు దక్కాలంటే పల్లెలో నెలకు 10,000, పట్నంలో 12,000 ఆదాయం దాటకూడదు. లక్షా ముప్పై వేలు వచ్చే ఇంటికి 2,500 పింఛను ఎందుకని ఎవరైనా 2022లో అడిగుంటే నా దగ్గర జవాబు లేదు. అప్పుడు ఎవరూ అడగలేదు. రూపాయి రాని రోజుల్లో వచ్చి అడిగారు. అదీ కువైట్ జీతం చూసి కాదు, నేను వెనక్కి తెచ్చుకున్న 5,400 చూసి. పన్ను కట్టడం వేరు, రిటర్ను వేయడం వేరు అని నేను ఎన్ని కిటికీల దగ్గర చెప్పానో లెక్కలేదు.

మదనపల్లెలో అడిగితే మీ కార్డు కుప్పందమ్మా, అక్కడికే పోవాలన్నారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది, పుంగనూరు, కుప్పం చిత్తూరులోనే ఉండిపోయాయి. నా ఆధార్‌లో ఇంకా పుంగనూరు అడ్రసే. మూడు ఊళ్లు, రెండు జిల్లాలు. రాత్రి పుంగనూరులో అమ్మ దగ్గర పడుకుని, తెల్లారి సంగటి ముద్ద, ఊరుబిండి మూటగట్టుకుని పలమనేరు మీదుగా కుప్పం బస్సు ఎక్కేదాన్ని. అలా ఆరుసార్లు. కుప్పంలో ఒక అమ్మాయి మాత్రం నెమ్మదిగా చెప్పింది: ‘మీ అత్తకు వేరే కార్డు చేయించండి అక్కా. అయితే కార్డులో ఉండే పెద్దోళ్లందరి వేలిముద్రలు పడాల.’

ఆయన వేలు కువైట్‌లో ఉంది.

మధ్యలో ఇంకొక ఆడిటర్ దగ్గరికి పోయాను. నా కాగితాలు చూసి తల పట్టుకున్నాడు. మొగుడు పంపే డబ్బు మీద పెళ్లానికి పన్ను ఉండదు. కానీ ఆ డబ్బును పెళ్లాం డిపాజిట్ వేస్తే వచ్చే వడ్డీ అప్పటి 64వ సెక్షన్ కింద మొగుడి ఆదాయంలోనే కలుస్తుంది. అంటే నా పేరున ఆ రిటర్ను వేయడమే తప్పు. మా ఆయన కువైట్ జీతానికి ఇక్కడ పన్ను లేదు, వడ్డీ ఒక్కటే చూస్తే పన్ను పడేంత కాదు. ఎటు తిప్పినా మేం పైసా కట్టాల్సిన వాళ్లం కాము. ‘మరి ఐటీ పేయర్ అని ఎట్ల పడింది సార్?’ అన్నాను. ఆ ఆడిటర్ నా 500 తీసుకోలేదు, అంతే.

2024 మార్చి 17న కువైట్‌లో క్షమాభిక్ష మొదలైంది. అకామా లేనివాళ్లు జరిమానా కట్టకుండా ఇంటికి పోవచ్చన్నారు. ఆయన మే నెలలో బెంగుళూరులో దిగాడు. పదమూడేళ్ల తర్వాత చేతిలో ఒక బ్యాగు. రావాల్సిన జీతాల మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

జూలై 1న మేమిద్దరం కుప్పంలోనే ఉన్నాం. పింఛను 4,000 చేసి, వెనక మూడు నెలల పెంపు కూడా కలిపి ఒకేసారి 7,000 ఇచ్చిన రోజు అది. పొద్దున ఆరు నుంచే సచివాలయం వాళ్లు ఇల్లిల్లూ తిరిగారు. పక్కింటి అవ్వ నోట్లు లెక్కపెట్టడం రాక మా ఆయన్ని పిలిచింది. ఆయన ఆ అరుగు మీద గొంతుక్కూర్చుని పద్నాలుగు ఐదువందల నోట్లు ఆమె చేతిలో ఒక్కొక్కటే పెట్టాడు. మా అత్త లోపల చెనిగ్గింజలు వొలుస్తా ఉండింది. బయటికి రాలేదు.

ఆ రాత్రి ఆయన క్యాలెండరు వెనక లెక్క వేశాడు. డిసెంబరుది 2,750, జనవరి నుంచి మార్చి దాకా 9,000, జూన్ దాకా పెంపుతో కలిపి 12,000, జూలైది 4,000. మొత్తం 27,750. కింద 5,400 రాసి తీసేశాడు. 22,350 అని గీత గీసి నాకు చూపించకుండా బోర్లించి పెట్టాడు. నేను తెల్లారి చూశాను.

కార్డు విడగొట్టడానికి ఆగస్టులో సచివాలయానికి పోయాం. అత్తది ఒకేసారికి పడింది. నాది పడింది. ఆయనది పడలేదు. ఏళ్ల తరబడి వెల్డింగు చేసిన చేతులు. బొటనవేలు, చూపుడువేలు, మళ్లీ బొటనవేలు. అక్కడి పిల్ల తన కొంగుతో మిషన్ అద్దం తుడిచి, ‘వేలు తడిపి తుడుచుకోని పెట్టన్నా’ అంది. బయట కొళాయి దగ్గర కడుక్కుని, లుంగీకి తుడుచుకుని వచ్చాడు. అయిదోసారికి పడింది.

అర్జీ తీసుకున్నారు. రసీదు మా అత్త బియ్యం డబ్బాలో పెట్టుకుంది. ఆయన మదనపల్లె టమాటా మార్కెట్లో ఒకరి బండికి డ్రైవరుగా పోతున్నాడు. పింఛను ఇంకా రాలేదు.