మా వీధికి వచ్చిన కొత్త బ్రౌజరు

పిల్లలూ! హైదరాబాదు నగరంలో రహమత్ నగర్ అనే పేట ఒకటి ఉన్నది. మా ఇల్లు అక్కడే. పైన జూబిలీ హిల్స్, ఫిలింనగర్. అక్కడ సినిమాలు తీసేవారుంటారు. కింద మా సందుల్లో ఆ సినిమాలకు లైట్లు మోసేవారు, బట్టలు కుట్టేవారు, గుంపులో నిలబడి నటించేవారు ఉంటారు. తెర మీద మీరు చూచిన రాజుగారి అంగరఖా మా సందులోనే కుట్టారేమో, ఎవరికి తెలుసు!

నేను 2017లో హెడ్మాస్టరు ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకొన్నాను. పేరుకే విశ్రాంతి. సాయంత్రమయ్యేసరికి పది పన్నెండుమంది పిల్లలు మా ముందు గదిలో చేరేవారు. లెక్కలు చెప్పించుకోవటానికి వస్తున్నామని వాళ్లు అనేవారు. ఆ గదిలో ఉన్న కంప్యూటరు కోసం వస్తున్నారని నాకు తెలుసు.

2018 సంక్రాంతి సెలవుల్లో జరిగిన సంగతి మీకు చెబుతాను. నేను ఊళ్లో లేనప్పుడు ఏడో తరగతి కుర్రవాడొకడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. "బ్రౌజరుకు కొత్త రూపం వచ్చింది, తెచ్చుకొంటారా?" అని యంత్రం అడిగింది. వాడు తెచ్చుకొంటానన్నాడు. నిజానికి ఆ ప్రశ్నను ఏడాదిగా నేను "తరువాత, తరువాత" అని తోసివేస్తూ వచ్చాను. నేను తిరిగి వచ్చేసరికి పాత బ్రౌజరు పోయింది, కొత్తది కూర్చున్నది. ఆ బ్రౌజరు పేరు చెప్పను. దాని మీద నాకు కోపం లేదు.

బ్రౌజరు అంటే ఏమిటో అందరికీ తెలుసుననుకొంటాం. కాని అడిగితే నీళ్లు నములుతాం. మీరు చూడదలచిన పుట ఎక్కడో దూరాన మరొక కంప్యూటరులో ఉంటుంది. బ్రౌజరు అక్కడికి కబురు పంపుతుంది. అక్కడినుంచి వచ్చేది బొమ్మలతో సిద్ధమైన పుట కాదు. అక్షరాలు, వాటి మధ్య గుర్తులు: ఇది పెద్ద అక్షరం, ఇక్కడ బొమ్మ, ఇక్కడ కొత్త పేరా అని. వాటిని చూచి పుటను పేర్చేది బ్రౌజరే. అచ్చాఫీసులో కంపోజిటరు ఏం చేసేవాడో అదే పని. కంపోజిటరుకు రోజులు పట్టేది, దీనికి రెప్పపాటు చాలు. ఇటువంటి యంత్రాన్ని మొట్టమొదట 1990లో టిమ్ బెర్నర్స్-లీ అనే ఆయన జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధనశాలలో తయారుచేశాడు. తరువాత 1993లో మొజాయిక్, 1994లో నెట్‌స్కేప్, 1995లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాయి. 2008 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ మూడో రూపం విడుదలైన నాడు ఇరవైనాలుగు గంటల్లో 80 లక్షలకు పైగా దాన్ని దించుకొన్నారు. గిన్నిస్ పుస్తకంలో కూడా అది ఎక్కింది. కొత్తదంటే మనుషులకు అంత ఆశ!

ఆశ ఉన్నచోట ఫిర్యాదు కూడా ఉంటుంది. మా గదిలో ఆ సాయంత్రమే మొదలైంది. ఒకడు బాగున్నదంటాడు, ఒకడు బాగాలేదంటాడు. పంతులుబుద్ధి ఊరుకోదు గదా! ఒక నలభైపేజీల నోటుపుస్తకం తీసి, ప్రతి పేజీలోనూ నిలువుగా గీత గీశాను. గీతకు ఎడమవైపున "ఏమి జరిగింది", కుడివైపున "ఎట్లా అనిపించింది". ఎవరు ఫిర్యాదు చేసినా, మెచ్చుకొన్నా రెండు వైపులా వ్రాయాలి, తేదీ వెయ్యాలి.

మొదటి పేజీ ఆ ఏడో తరగతి కుర్రవాడిదే. కుడివైపున "చాలా వేగం" అని వ్రాశాడు. ఎడమవైపు ఖాళీ.

"వేగమని నీకెట్లా తెలుసు?" అన్నాను.

వాడు పరుగెత్తి పక్కింటికి వెళ్లి, అక్కడి కంప్యూటరులో అదే పుట తెరిచి, గడియారం చూచి వచ్చాడు. "అక్కడ పన్నెండు సెకండ్లు సార్, మనకు తొమ్మిది!"

"వాళ్ల యంత్రం వేరు, మన యంత్రం వేరు. ఎద్దుబండి మీద నిన్నూ, సైకిలు మీద నీ తమ్ముణ్నీ ఎక్కించి, తమ్ముడు చురుకైనవాడంటే ఒప్పుకొంటావా?"

వాడు తల గోక్కొని మన కంప్యూటరులోనే మళ్లీ తెరిచాడు. ఈసారి మూడు సెకండ్లే పట్టింది! "చూశారా సార్, ఇంకా వేగం నేర్చుకొన్నది!" అని గంతులు వేశాడు. కాని అది నేర్చుకోవటం కాదు. ఒకసారి తెచ్చిన బొమ్మలను బ్రౌజరు తన గూట్లో దాచుకొంటుంది. రెండోసారి అడిగితే దూరం పోకుండా గూట్లోనుంచే తీసి ఇస్తుంది. ఆ దాచిన సామగ్రిని తుడిపించి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చూడమన్నాను. పొద్దున ఎనిమిది, రాత్రి పదకొండు వచ్చాయి. రాత్రి వీధివీధంతా సినిమాలు చూస్తూ ఉంటే తీగలో రద్దీ ఉండదా మరి? చివరకు వాడు "చాలా వేగం" కొట్టివేసి "వేగంగా ఉన్నట్టు తోచింది" అని దిద్దాడు. ఆ ఒక్క దిద్దుబాటుకు నేను పదికి పది వేశాను.

మా ఎదురింటి దర్జీ సినిమా దుస్తులు కుడతాడు. పాత సినిమాల బొమ్మలు చూచి ఏ అంచు ఏ కాలానిదో తెలుసుకోవటానికి మా ఇంటికి వచ్చేవాడు. ఆయన మాత్రం నిప్పులు కురిశాడు. "ఇల్లు గుర్తు ఇక్కడ ఉండేది సార్, అక్కడికి పోయింది. నా చెయ్యి ఇక్కడికే పోతున్నది. నా మిషను మీద బాబిన్ ఎవరన్నా జరిపితే ఊరుకొంటానా?" అన్నాడు. ఆయన మాట తీసివేయరాదు. చేతులకు కూడా జ్ఞాపకం ఉంటుంది. కళ్లు మూసుకొని మీ ఇంట్లో దీపం స్విచ్చి మీరు వెయ్యగలరు గదా! అయినా ఆయన పేజీ కింద "పదిహేను రోజుల తరువాత మళ్లీ అడగాలి" అని వ్రాసి పెట్టుకొన్నాను.

షూటింగుల్లో గుంపులో నటించే పెద్దమ్మ ఒకామె మా మేడమెట్ల పక్క గదిలో ఉంటుంది. శ్రీకాకుళం వైపునుంచి వచ్చి చాలా ఏళ్లయింది. ఆమె తెలుగు పేపరు చదివించుకోవటానికి వచ్చేది. ఆమె ఫిర్యాదు ఏమిటంటే, పుట తెరవగానే చిన్న పెట్టె ఒకటి లేచి ఇంగ్లీషులో ఏదో అడుగుతుంది. తెలియక ఆమె ఏదో ఒకటి నొక్కింది. అప్పటినుంచి నగల ప్రకటనలు రోజూ తలుపు తడుతున్నాయి. "అడిగేదేదో నా భాషలో అడగొచ్చు గదా, బాబూ" అన్నది. నోటుపుస్తకంలో ఆమె మాటను ఎర్రసిరాతో వ్రాశాను.

ఇక నా పేజీ. నేను కుడివైపున "బొత్తిగా పనికిరాదు" అని వ్రాశాను. ఎడమవైపు వ్రాయటానికి చెయ్యి రాలేదు.

నా భార్య కూడా పంతులమ్మే. 2004లో ఆమె కంప్యూటరు నేర్చుకొన్నది. మా పేటకు శ్రీకాకుళం నుంచి, పాలమూరు నుంచి, ఇంకా ఎక్కడెక్కడినుంచో పనికోసం వచ్చిన ఆడవాళ్లు చెప్పిన పొడుపుకథలను సేకరించి, ఇరవైఆరు పుటలుగా తన చేత్తో టైపు చేసింది. మూడువందలకు పైగా ఉన్నాయి. చెప్పినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. 2011లో ఆమె కూడా పోయింది. ఆ పుటలను నేను బ్రౌజరులో తెరిచి అప్పుడప్పుడు చదువుకొనేవాణ్ని. కొత్త బ్రౌజరులో తెరిస్తే తెలుగు లేదు! ఇంగ్లీషు అక్షరాలూ, కొక్కేలూ, చుక్కలూ కలిసి పిచ్చిగీతలు కనిపించాయి.

ఎందుకట్లా అయిందో వినండి. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఇంగ్లీషు పెద్ద ఏ అంటే దానికి 65. మొదట్లో తెలుగుకు అంకెలు లేవు. అందుచేత అక్షరాల అచ్చులు తయారుచేసేవారు ఒక ఉపాయం పన్నారు: 65 వచ్చినచోట ఏ బదులు తెలుగు ముక్క ఒకటి గీసే అచ్చును పెట్టారు. లోపల ఉన్నది ఇంగ్లీషే, పైన తొడిగింది తెలుగు చొక్కా! పైగా ఒక్కొక్కరు ఒక్కొక్క చొక్కా కుట్టారు. ఒకరి పుట మరొకరి అచ్చుతో చదవరాదు. 1991లో యూనికోడ్ అనే పద్ధతి మొదలై, ప్రపంచభాషల అక్షరాలకు తలా ఒక అంకె ఇచ్చింది. మన తెలుగుకు 3072 నుంచి 3199 వరకు గళ్లు దక్కాయి. 'క' అంటే ప్రపంచమంతటా 3093. అయితే ఆ పద్ధతి మన ఇళ్లలోని యంత్రాలకు చేరటానికి ఏళ్లు పట్టింది. నా భార్య టైపు చేసింది పాత పద్ధతిలోనే. పాత బ్రౌజరుకు తగిలించుకొన్న ఒక చిన్న సాధనం ఆ పుటలను అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపేది. కొత్త బ్రౌజరు పాతకాలపు సాధనాలను లోపలికి రానివ్వదు. అవి దొంగలకు కూడా దారి ఇస్తాయని దాని భయం. భయం న్యాయమైనదే. కాని ఆ రాత్రి నాకు న్యాయం కనిపించలేదు.

కుర్రవాడు మూడు రోజులు మా ఇంటివైపు రాలేదు. తన మూలాన పుటలు పోయినవని వాడికి ఎవరో చెప్పారు. వాళ్ల ఇంటికి వెళ్లి నేనే పిలుచుకొని వచ్చాను. "పుటలు పోలేదురా, చొక్కా పోయింది. లోపలి అంకెలు అట్లాగే ఉన్నాయి" అన్నాను. ఆ మాట నాకు నేను చెప్పుకోవటానికి కూడా మూడు రోజులు పట్టింది.

తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి అడిగింది: "సార్, వాటిలో ఒక్క పుటయినా కాగితం మీద ఉన్నదా?"

ఉన్నది! బడిలో నోటీసుబోర్డుకు అంటించిన పుట ఒకటి నా పెట్టెలో దొరికింది. కొబ్బరికాయ, ఉల్లిపాయ, తేలు ఇట్లా జవాబులతో సహా ఉన్నది. ఇక పిల్లలకు పండుగే. కాగితం ఒక పక్క, పిచ్చిగీతలు ఒక పక్క పెట్టుకొని, ఏ గీత ఏ అక్షరమో పట్టిక తయారుచెయ్యసాగారు.

అది అనుకొన్నంత తేలిక కాలేదు. పాత అచ్చులో తలకట్టు వేరు, అక్షరం ఒళ్లు వేరు. 'క్ర' వ్రాయాలంటే క్రావడి ముందు, 'క' తరువాత. కంటికి ఎట్లా కనబడుతుందో అట్లా టైపు చేసేవారన్నమాట. యూనికోడ్ అట్లా కాదు. నోరు పలికే వరసలో అంకెలు పెడుతుంది. 'క్ష' అంటే 3093, 3149, 3127: క, పొల్లు, ష. వాటిని కలిపి ఒకే రూపుగా గీయటం యంత్రం పని. ఆ కలపటంలో పెద్ద పెద్ద యంత్రాలే బోర్లాపడ్డాయి. ఆ మరుసటి నెల, 2018 ఫిబ్రవరిలో, ఐఫోన్లలో తెలుగు 'జ్ఞా' ఒక ప్రత్యేకమైన కనిపించని గుర్తుతో కలిసి వస్తే, దాన్ని చూపబోయిన యాప్ కుప్పకూలేది. ఆపిల్ వారు కొద్దిరోజుల్లోనే 11.2.6 అనే దిద్దుబాటు పంపారు. 'జ్ఞానం' అనే మాటకు ఫోను మూర్ఛపోయిందని మా పిల్లలు వారం రోజులు నవ్వారు.

మూడు వారాల్లో పట్టిక పూర్తయింది. మొదట అక్షరాల గుంపులను, తరువాత విడి అక్షరాలను మార్చుకొంటూ పోవాలని ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి కనిపెట్టింది. తిరగేసి చేసిన రోజున ఒక పుట మొత్తం పాడైంది. నకలు ఉన్నది గనుక బతికిపోయాం. చివరకు ఒక్క గుర్తు మిగిలింది. అది కాగితం మీది పుటలో లేదు. తక్కిన పుటల్లో నాలుగుచోట్ల ఉన్నది. "చీ" తరువాత ఆ గుర్తు, తరువాత "కటి". మరోచోట "మూ" తరువాత ఆ గుర్తు, తరువాత "డు".

"టైపు తప్పేమో, తీసివేద్దామా సార్?" అన్నాడు కుర్రవాడు.

తప్పు కాదు. అది అరసున్న. పుస్తకాలన్నీ దాన్ని వదిలేసినా నా భార్య వదల్లేదు. వాళ్ల నాన్నగారు నేర్పిన అలవాటు. ఉత్తరాల్లో కూడా "చీఁకటి", "మూఁడు" అనే వ్రాసేది. అరసున్నకు కూడా యూనికోడ్‌లో గడి ఉన్నది, 3073. పిల్లలు ఆ నాలుగు చోట్లా దాన్ని తెచ్చి కూర్చోబెట్టారు.

దర్జీని మళ్లీ అడిగాను. ఇల్లు గుర్తు ముందు ఎక్కడ ఉండేదో ఆయనకు జ్ఞాపకం రాలేదు. పెద్దమ్మ ఫిర్యాదు మాత్రం పదిహేను రోజులకూ తగ్గలేదు, నెలకూ తగ్గలేదు. కనుక కుర్రవాడిచేత ఆ మాటలను, తేదీలతో సహా, బ్రౌజరు తయారుచేసినవారికి వ్రాయించాను. బ్రౌజరులోనే అందుకొక చోటు ఉంటుంది. ఈలోగా అటువంటి పెట్టెలు లేవకుండా అమరికల్లో ఆపివేశాం.

నా పేజీలో "బొత్తిగా పనికిరాదు" అన్నదాన్ని కొట్టివేయలేదు. దాని ఎడమవైపున జరిగింది వ్రాసి, కింద కొత్త తేదీ వేసి, "అక్షరాలు పెద్దవి చేసినా పుట చెదరటం లేదు" అని వ్రాశాను.

ఆ సాయంత్రం పుటలను పెద్ద అక్షరాల్లో పెట్టి పెద్దమ్మకు వరసగా చదివి వినిపించాను. పన్నెండో పుటలో ఒక పొడుపుకథ దగ్గర ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

"ఇది నేను చెప్పిందే, బాబూ. పంతులమ్మగారు ఒక మాట తప్పుగా రాసుకున్నారు. దిద్దు."

కుర్రవాడు కుర్చీ లాక్కొని ముందుకు జరిగాడు. ఆమె చెబుతూ ఉంటే వాడు దిద్దాడు.