పిట్టా, గ్రహాంతరవాసా?

మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఆకాశం ఫొటో ఒకటి పడిందంటే ఆ రోజు గుడ్ మార్నింగులకూ గులాబీలకూ ఇంక చోటుండదు. ఎర్రబడ్డ సాయంత్రం, కరెంటు స్తంభం, కొబ్బరాకుల పైన ఓ నల్లటి నలుసు. బావగారు "గ్రహాంతరవాసులే, సందేహం లేదు" అంటారు. చిన్నాన్న "కాకి" అంటాడు. "ఇంత గుండ్రటి కాకిని ఎక్కడ చూశావు చిన్నాన్నా?" అంటే "అయితే గాలిపటం" అని మాట మారుస్తాడు. "గాలిపటమైతే దారమేదీ?" అని బావగారు పట్టుకుంటారు. ఈలోగా పిన్ని ఆ నలుసును చదరాలు చదరాలుగా విడిపోయేదాకా సాగదీసి, దానికి కిటికీలు కూడా ఉన్నాయని తేలుస్తుంది.

వింత అన్నవాళ్లను చూసి నవ్వడం తేలిక. నాకు మాత్రం "అబ్బే, ఏ పిట్టో అయ్యుంటుంది" అని చప్పరించేసే వాళ్లతోనూ పేచీయే. ఏ పిట్ట? ఎంత ఎత్తున? ఎటునుంచి ఎటు పోతోంది? అవేవీ చెప్పకుండా పిట్ట అనడానికీ ఎగిరే పళ్లెం అనడానికీ పెద్ద తేడా లేదు. మామూలు వస్తువే అన్నంత మాత్రాన సాక్ష్యం చూపే పని తప్పదు.

ఈ తగవు ఈనాటిది కాదు. 1883 ఆగస్టు 12న మెక్సికోలోని సకటెకాస్ అబ్జర్వేటరీలో హోసే బొనీయా అనే ఆయన సూర్యుడి మచ్చలను పరిశీలిస్తున్నాడు. ఉన్నట్టుండి సూర్యబింబం మీదుగా నల్లటి ఆకారాలు వరసకట్టి పోవడం మొదలుపెట్టాయి. రెండు రోజుల్లో 447 లెక్కపెట్టాడు, కొన్నిటిని ఫొటో కూడా తీశాడు. 1886లో ఫ్లమారియన్ నడిపే ఫ్రెంచి ఖగోళ పత్రిక 'లాస్ట్రోనొమీ' ఆ కథనాన్ని అచ్చువేసింది. వేస్తూనే, టెలిస్కోపు ముందునుంచి పిట్టలో, పురుగులో, ధూళో పోయి ఉంటాయని తన మాటా కలిపింది. అక్కడితో ఆగలేదు. 2011లో మెక్సికో శాస్త్రవేత్తలు కొందరు ఆ పాత లెక్కలు తిరగేసి, అవి ముక్కలైన తోకచుక్క తాలూకు శకలాలు కావచ్చన్నారు.

తమాషా ఏమిటంటే ఇరుపక్షాలకూ సాక్షి ఒక్కడే. మెక్సికో నగరంలోనూ ప్యూబ్లాలోనూ ఉన్న అబ్జర్వేటరీల వాళ్లకు ఆ ఆకారాలు కనిపించలేదు. బొటనవేలు చాపి ఒక కన్ను మూస్తే చందమామ దాని చాటుకు పోతుంది. అదే సమయంలో పక్కన నిలబడ్డవాడికి చందమామ నిక్షేపంగా కనిపిస్తూనే ఉంటుంది. అంటే అడ్డొచ్చినవి దగ్గరివే. ఎంత దగ్గర? భూమికి కొన్ని వందల కిలోమీటర్ల నుంచి సుమారు ఎనిమిది వేల కిలోమీటర్ల దాకా అని తోకచుక్క పక్షం. అబ్జర్వేటరీ కప్పు మీద అని పిట్టల పక్షం. ఫొటోలో పొడవూ వెడల్పూ ఉంటాయి, దూరం మాత్రం ఉండదు. గొడవంతా అక్కడే.

నా ఓటు పత్రికకే. అన్ని వందల శకలాలు అంత దగ్గరగా పోయి ఉంటే కొన్నయినా ఉల్కలై రాలి ఉండాలి. పైగా అవి ఏటా పెర్సీడ్ ఉల్కలు రాలే రోజులు, ఆకాశం మీద కన్నేసి ఉంచేవాళ్లకు కొదవ ఉండదు. అయితే అవి ఏ పిట్టలో నేనూ చెప్పలేను. కాబట్టి నాది కూడా ఓటే, తీర్పు కాదు.

తీర్పు వచ్చిన కేసు మన దేశంలోనే ఉంది. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా లడఖ్ సరిహద్దులో మన సైనికులకు ఆకాశంలో వింత వెలుగులు కనిపించాయి. చైనా డ్రోన్లని అనుమానం. అలాంటివి 329 సార్లు నమోదు చేశారు. అందులో 155 సార్లు అవి మన హద్దు దాటాయని కూడా రాసుకున్నారు! చివరికి బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థను అడిగారు. శాస్త్రవేత్తలు ఆ వెలుగుల కదలికను నక్షత్రాలతో పోల్చి చూసి, ఒకటి గురుడు, రెండోది శుక్రుడు అని తేల్చారు. సైనికులను చూసి నవ్వబుద్ధి కాదు నాకు. గాలి పలచగా ఉండే ఆ ఎత్తులో గ్రహాలు మనం కింద చూసే దానికంటే ధగధగలాడతాయి. పైగా వాళ్లు ఓపికగా రాసి పెట్టారు కనకనే చిక్కు విడిపోయింది. 'ఏ నక్షత్రమో లెమ్మ'ని ఊరుకుని ఉంటే అది చిన్నాన్న మార్కు జవాబయ్యేది.

మన హైదరాబాద్ పైన మెరిసే చుక్క మరో రకం. టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ ఇక్కడినుంచి పరిశోధన పరికరాలతో పెద్ద పెద్ద బెలూన్లు వదులుతుంది. అవి 30 కిలోమీటర్లు దాటి పైకి పోతాయి. కింద మనకు పొద్దుగుంకినా అంత ఎత్తున ఇంకా ఎండ ఉంటుంది కనక తెల్లగా వెలుగుతాయి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో ఓ వింత గోళం దిగిందని జనం పరుగెత్తుకెళ్లారు. అది స్పెయిన్ కంపెనీ ఒకటి ఇక్కడి బెలూనుకు కట్టించి పరీక్షించిన క్యాప్సూలు. నేలమీదికి దిగింది కాబట్టి వాదన ఒక్క పూటతో సరి.

దిగిరాని వాటికి మాత్రం ఫొటో తీసేవాళ్లే కాస్త శ్రమపడాలి. వీధిదీపం పక్కన ఆకుపచ్చ చుక్క పడితే ఫోను అటూ ఇటూ తిప్పండి. చుక్క కూడా ఫ్రేములో జరిగితే, దీపానికి సరిగ్గా ఎదురు మూలకు పోతుంటే, అది మీ లెన్సులోని ప్రతిబింబమే. నిమిషం ఆగి ఇంకో ఫొటో తీయండి, పది గజాలు పక్కకు జరిగి మరొకటి. ఎన్ని గంటలకు, ఏ దిక్కున అన్నది రాయండి. ఇవన్నీ కుదరకపోతే కనీసం ఒక్క ఉపకారం చేయండి: ఫొటోను కత్తిరించి, నలుసు మీద ఎర్రటి సున్నా చుట్టి పంపకండి. ఆ సున్నా కింద ఏముందో మమ్మల్నీ చూడనివ్వండి.