షోరూంలో నిర్లక్ష్యం ఖరీదు

మోటార్‌సైకిల్ షోరూంలో ఎదురయ్యే నిర్లక్ష్యాన్ని మనవాళ్లు చాలామంది మనసు కష్టపెట్టుకునే సంగతిగానే చూస్తారు. ఇంటికొచ్చి నాలుగు మాటలు అనుకుని, ‘పోనీలే, బండి వచ్చిందిగా’ అని సరిపెట్టుకుంటారు. నేను మాత్రం దాన్ని డబ్బు లెక్కగా చూస్తాను. గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీ అకౌంట్స్‌లో ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఏ కాగితం చేతికొచ్చినా కూడి చూడందే పక్కన పెట్టలేను. జీఎస్టీ తగ్గాక మా తమ్ముడికి 125 సీసీ బండి కొన్నాం. మొదట వెళ్లిన షోరూంలో చూపిన చోటల్లా సంతకాలు పెట్టి ఉంటే, మాకు అదనంగా పడేది సుమారు 21,600 రూపాయలు. ఆ బండి ఎక్స్ షోరూం ధర 88,000. అంటే దాదాపు నాలుగో వంతు.

తమ్ముడు ఒక ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపులో వసూళ్లు చూస్తాడు. తెనాలి, పొన్నూరు, బాపట్ల తిరగాలి. బండి లేకపోతే వాడికి పని లేదు. డౌన్ పేమెంట్ నాది, నెలనెలా కిస్తీ వాడిది అనుకున్నాం.

షోరూంలో డబ్బు కట్టేది నేనేనని ముందే చెప్పాను. అయినా సేల్స్ కుర్రాడు మొదటి నుంచీ తమ్ముడి వైపే తిరిగి మాట్లాడాడు. మైలేజీ నేనడిగితే జవాబు వాడికి చెప్పాడు. ఎక్స్ షోరూం ధరెంత, ట్యాక్సెంత అని విడివిడిగా అడిగితే, “అవన్నీ ఎందుకు మేడం, ఆన్ రోడ్ ఒక లక్షా పదమూడు అనుకోండి” అని విజిటింగ్ కార్డు వెనక రాసిచ్చాడు. “అక్కా, అందరికీ ఇలాగే ఇస్తార్లే” అన్నాడు తమ్ముడు. ఆడవాళ్లకు బండి సంగతి తెలియదన్న చిన్నచూపు ఎంత బాధ పెట్టిందో, ఆ ఒకే ఒక్క అంకె అంతకన్నా ఎక్కువ అనుమానం కలిగించింది. విడదీయని మొత్తంలో ఏదైనా కలపొచ్చు. వివరంగా అడిగిన మనిషిని చిన్నబుచ్చితే రెండోసారి అడగదు. పద్దులు దాచుకోవడానికి అమర్యాద ఎంత పనికొస్తుందో నాకు అక్కడే అర్థమైంది.

వివరాలతో ప్రింటు కొటేషన్ ఇస్తే తప్ప కదలనని కూర్చున్నాను. చివరికి ఇచ్చారు. అందులో మొదట నా కళ్లు ఆగింది ‘హ్యాండ్లింగ్ చార్జీలు 1,500’ దగ్గర. బండిని ఫ్యాక్టరీ నుంచి షోరూంకి తెచ్చే ఖర్చు, డెలివరీకి ముందు చేసే తనిఖీ, డీలర్ లాభం, అన్నీ ఎక్స్ షోరూం ధరలో కలిసే ఉంటాయి. దానిపైన హ్యాండ్లింగ్ పేరుతో తీసుకోవడాన్ని రవాణా శాఖ అధికారులు, వినియోగదారుల కమిషన్లు పలుమార్లు తప్పుబట్టారు. ఇది దేనికని అడిగితే, “సిస్టంలో ఆటోమేటిక్‌గా వస్తుంది మేడం” అన్నారు.

తర్వాత యాక్సెసరీస్ కిట్, 3,200. హెల్మెట్, శారీ గార్డు, ట్యాంకు కవరు, ఇంకేవో చిన్న సామాన్లు. ఇందులో మొదటి రెండు వస్తువుల గురించి ప్రతి ఇంట్లోనూ తెలియాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన, టూవీలర్ అమ్మేటప్పుడే బీఐఎస్ ప్రమాణాలున్న హెల్మెట్‌ను తయారీదారు ఇవ్వాలని చెబుతుంది. 123వ నిబంధన ప్రకారం వెనక మనిషి కూర్చునే బండికి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టు, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ లేకుండా తయారు చేయకూడదు. చీర కొంగో చున్నీయో చక్రంలో చుట్టుకుని ఆడవాళ్లు పడిపోయే ప్రమాదాలు మన ఊళ్లలో తెలియనివి కావు. అందుకే ఆ నిబంధన ఉంది. చట్టం బండిలో భాగమన్నదాన్ని ఐచ్ఛికంగా కొనుక్కునే అలంకార సామగ్రిలో కలిపి అమ్మడం నాకు మింగుడు పడలేదు.

ఇన్సూరెన్స్ 8,700 వేశారు. ఇక్కడ కొంచెం వివరం అవసరం. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త టూవీలర్‌కు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాలి. 75 సీసీ దాటి 150 సీసీ లోపు బళ్లకు ఆ అయిదేళ్ల ప్రీమియం 2022లో ప్రకటించిన రేటు ప్రకారం 3,851 రూపాయలు, పైన జీఎస్టీ. ఇది ఏ కంపెనీలో తీసుకున్నా ఒకటే. తేడా వచ్చేది సొంత బండి నష్టానికి తీసుకునే ఒక సంవత్సరం పాలసీలో, దానికి తగిలించే యాడాన్‌లలో. అదే బండికి, అవే యాడాన్‌లతో నేను ఫోన్‌లో చూస్తే 6,300 వచ్చింది. ఎక్కడ కొనాలన్నది కొనేవాళ్ల ఇష్టం. తమ దగ్గరే తీసుకోవాలని డీలర్లు బలవంతపెట్టకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017 మార్గదర్శకాల్లో ఉంది. “బయట తీసుకుంటే క్యాష్‌లెస్ రాదు” అని భయపెట్టారు. ఒక వర్క్‌షాపులో క్యాష్‌లెస్ ఉందో లేదో బీమా కంపెనీ నెట్‌వర్క్ జాబితా చూస్తే తెలిసిపోతుంది. నేను చూశాను, అదే షోరూం వర్క్‌షాపు అందులో ఉంది. అసలు అడ్డు ఎక్కడంటే, చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు ఇస్తే కదా బయట పాలసీ తీసుకునేది! “డెలివరీ రోజే ఇస్తాం” అన్నారు. డెలివరీ రోజున పాలసీ లేకపోతే రిజిస్ట్రేషన్ ఆగుతుంది. ఇంటిదగ్గర పసుపు కుంకుమలు సిద్ధంగా ఉంటాయి. ఆ తొందరలో ఎవరైనా వాళ్లు చెప్పిన చోటే కట్టేస్తారు.

హ్యాండ్లింగ్, కిట్, బీమాలో తేడా, ఈ మూడూ కలిపి 7,100. అసలు పెద్ద దెబ్బ ఫైనాన్స్ బల్ల దగ్గర ఉంది.

షోరూంలోనే ఒక మూల ఫైనాన్స్ కంపెనీ అబ్బాయి కూర్చుంటాడు. 80,000 లోను, మూడేళ్లు, “పన్నెండు శాతమే మేడం, కిస్తీ 3,022” అన్నాడు. ఆ కిస్తీని 36తో గుణిస్తే 1,08,800 దాకా వస్తుంది. వడ్డీయే 28,800. అంటే ఇది ఫ్లాట్ వడ్డీ. నెలనెలా అసలు తీరుతున్నా మొదటి రోజు తీసుకున్న 80,000 మీదే మూడేళ్లూ వడ్డీ కడుతుంటాం. తగ్గే బాకీ మీద లెక్కిస్తే ఇది ఏడాదికి 21 శాతం దాటుతుంది. నా జీతం పడే బ్యాంకులో అదే 80,000కు తగ్గే బాకీ మీద 11 శాతం చెప్పారు. అక్కడ కిస్తీ 2,619, మొత్తం వడ్డీ 14,300 లోపు. తేడా పద్నాలుగున్నర వేలు. పన్నెండుకూ పదకొండుకూ మధ్య ఒక్క శాతమేగా అనుకునేవాళ్లకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. మా తమ్ముడి ముందు నేను వేసి చూపించాను. అప్పటిదాకా ‘ఇక్కడే అయిపోతుందిగా’ అంటున్నవాడు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

2024 అక్టోబరు 1 నుంచి అమలయ్యేలా రిజర్వు బ్యాంకు ఒక మంచి పని చేసింది. బ్యాంకులైనా ఫైనాన్స్ కంపెనీలైనా రిటైల్ లోను ఇచ్చే ముందు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అనే కాగితం ఇచ్చి తీరాలి. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, ఇతర ఖర్చులు అన్నీ కలిపిన వార్షిక రేటు అందులో ఒకే అంకెగా ఉండాలి. చదువుకుని ఆలోచించుకోవడానికి కనీసం మూడు పనిదినాలు ఆ షరతులు నిలిచి ఉండాలి. ఆ కాగితం అడిగితే, “సంతకాలయ్యాక మెయిల్‌కి వస్తుంది” అన్నాడా అబ్బాయి. అప్పుడు మేం లేచాం.

ఆ కుర్రాళ్ల మీద నాకు కోపం లేదు. తక్కువ జీతం, మీద టార్గెట్లు, నెలాఖరు వస్తే నిద్ర ఉండదు. బండి అమ్మకంలో డీలర్‌కు మిగిలేది తక్కువే. బీమా కమిషన్, ఫైనాన్స్ కమిషన్, యాక్సెసరీలు, సర్వీసింగు, స్పేర్ పార్టుల మీదే షోరూం నడుస్తుంది. వ్యాపారం అన్నాక లాభం ఉండాలి, కాదనను. ఆ లాభం నాకు చెప్పి తీసుకోమంటాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బళ్లపై జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. మాలాంటి ఇళ్లకు అది నిజమైన ఊరట. ప్రభుత్వం వదులుకున్న పన్ను హ్యాండ్లింగ్ చార్జీల రూపంలో షోరూంకి పోతే, ఆ ఊరట మా ఇంటి దాకా రాదు.

మేం లేచాక ఇంకో సమస్య మొదలైంది. అంతకు ముందు వారం తమ్ముడు నలుపు, ఎరుపు రంగు బండి ఆపి ఉంచమని రెండు వేలు అడ్వాన్స్ పంపాడు. రసీదు ఇవ్వలేదు. బుకింగ్ రద్దు చేస్తామనగానే అడ్వాన్స్ తిరిగి రాదన్నారు. ఆ తర్వాత ఫోన్లు ఎత్తడం మానేశారు. రసీదు లేకపోయినా యూపీఐలో కట్టాం కాబట్టి ఎవరి ఖాతాకు ఎప్పుడు వెళ్లిందో బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంది. అది జతచేసి షోరూం మేనేజరుకు ఈమెయిల్ రాశాను. తయారీ కంపెనీ కస్టమర్ కేర్‌కు ప్రతి పెట్టాను. తీసుకున్న డబ్బుకు రసీదు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి అని, ఫలానా తేదీలోగా తిరిగి ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తానని రాశాను. తిట్టు లేదు, నిష్ఠూరం లేదు. ఆ తేదీ దాటింది, 1915కు ఫోన్ చేశాను. ఫిర్యాదు నంబరు వచ్చింది. ఆ నంబరు రాసి మళ్లీ మెయిల్ పెట్టాక రెండు వేలూ తమ్ముడి ఖాతాలో పడ్డాయి. ఫోన్లో ఎన్నిసార్లు అరిచినా రాని డబ్బు, తేదీ వేసి రాసిన కాగితానికి వచ్చింది.

రెండోసారి షోరూం వెతికేటప్పుడు నేను ముందు వర్క్‌షాపు చూశాను. మా చుట్టుపక్కల ఎక్స్ షోరూం ధర ఎక్కడైనా ఒకటే కాబట్టి ముందువైపు అద్దాలు, ఏసీ చూసి తేల్చుకునేది ఏమీ లేదు. బండి కొనడం ఒక్కరోజు పని, సర్వీసింగు ఏళ్ల తరబడి. తెనాలిలో ఒక డీలర్ దగ్గర పొద్దున్నే వెళ్లి నిలబడ్డాను. జాబ్ కార్డు రాసే మనిషి బండి యజమానిని పక్కన నిలబెట్టుకుని రాస్తున్నాడు. లేబర్ రేట్లు గోడమీద ఉన్నాయి. మార్చిన పాత బ్రేక్ షూలు ఒక రైతుకు చేతికిచ్చి, “చూడు బాబాయ్, ఎంత అరిగాయో” అని చూపిస్తున్నాడు మెకానిక్. నాకు అది చాలు. లోపలికి వెళ్లి వివరాలతో కొటేషన్ అడిగితే కుర్చీ వేసి ఇచ్చారు. హ్యాండ్లింగ్ లేదు. ఇన్సూరెన్స్ బయట తీసుకుంటానంటే, “మీ ఇష్టం మేడం” అని చాసిస్ నంబరు రాసిచ్చారు. సేల్ సర్టిఫికెట్‌లో బండి తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, అవి కూడా చూసుకున్నాను. గోడౌన్‌లో నెలల తరబడి ఉన్న బండిని కొత్తదాని ధరకే అంటగట్టే చోట్లు ఉన్నాయి.

సర్వీసింగులో కూడా ఇలాగే కళ్లు తెరిచి ఉండాలి. ఫ్రీ సర్వీస్ అంటే లేబర్ మాత్రమే ఫ్రీ. ఆయిల్, ఇతర సామగ్రి మన ఖర్చే. ఆ బిల్లు ముందే అంచనా వేయించి, దాటితే ఫోన్ చేయమని జాబ్ కార్డు మీదే రాయించాలి. నా స్కూటరుకు ఒకసారి గుంటూరు వర్క్‌షాపులో ఎయిర్ ఫిల్టర్ మార్చినట్టు బిల్లు వేశారు. పాత ఫిల్టర్ ఇవ్వమన్నాను. వెతికారు, దొరకలేదు. బిల్లులో ఆ వరుస కొట్టేశారు. అప్పటి నుంచి బండి ఇచ్చేటప్పుడే పాత పార్టులు కావాలని చెబుతాను. పాలిష్‌లు, కోటింగులు అడగకుండా వేయొద్దని కూడా చెబుతాను. ఇందులో గొడవ పడేది ఏమీ లేదు. నవ్వుతూనే చెబుతాను.

వారంటీ కోసం కంపెనీ చెప్పిన గడువుల్లో సర్వీసింగు చేయించి, ప్రతి బిల్లూ దాచుకోవాలి. లోను తీరిన రోజున ఫైనాన్స్ కంపెనీ నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో ఉన్న లోను నమోదు (హైపోథికేషన్) తీయించుకోవాలి. దీన్ని వాయిదా వేసి, బండి అమ్మేటప్పుడు తిప్పలు పడినవాళ్లను మా కాలేజీలోనే చూశాను.

ఇంతా రాసింది మాకు మిగిలిన డబ్బు చెప్పుకోవడానికి అనుకోవద్దు. బ్యాంకులోనే లోను తీసుకున్నాం కాబట్టి మా తమ్ముడు నెలకు నాలుగు వందలు తక్కువ కిస్తీ కడుతున్నాడు. వాడి జీతంలో అది చిన్న మొత్తం కాదు. రోజు కూలీలు, డెలివరీ కుర్రాళ్లు, పాలవాళ్లు షోరూంకి వెళ్తే వాళ్లను కూర్చోబెట్టి వివరం చెప్పే మనిషి ఉండడు. సంతకం ఎక్కడో వేలితో చూపిస్తారు, అంతే. మీ ఇంట్లోనో వీధిలోనో ఎవరైనా బండి కొంటుంటే వాళ్లతో కలిసి వెళ్లండి. కొటేషన్ చదివి పెట్టండి. అన్యాయం జరిగితే ఫిర్యాదు రాసిపెట్టండి. షోరూం ఏ ఊళ్లో ఉన్నా, కొన్నవాళ్లు తాముండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోగా ఫిర్యాదు వేయవచ్చు. లాయరు అక్కర్లేదు. అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు.