గల్ఫ్ డబ్బా, గుల్లబారిన బొక్క

కోరుట్ల, జగిత్యాల వైపు నుంచి నా దగ్గరికి వచ్చే నడివయసు ఆడవాళ్ల సంచిలో ఈమధ్య పాత ఎక్స్‌రేలతో పాటు ఒక డబ్బా కూడా ఉంటోంది. అమైనో ఆమ్లాల పొడి, కాకుంటే కొల్లాజెన్. దుబాయ్ నుంచో మస్కట్ నుంచో కొడుకు పంపినది. "సారూ, ఇది తాగితే బొక్కలు గట్టిపడతయట, తాగాల్నా?" అని అడుగుతారు.

కోరుట్లలో బీడీలు చేసే ఒకామె అడిగింది కూడా ఇదే. వయసు యాభై లోపే. వాకిట్లో కాలు జారి చెయ్యి ఆనించింది, అంతే, మణికట్టు విరిగింది. ఆ మాత్రానికి విరగకూడదు. ఎముక సాంద్రత కొలిచే డెక్సా పరీక్షలో టి-స్కోరు మైనస్ 3 దాటింది. మైనస్ 2.5కు దిగితేనే ఎముక గుల్లబారినట్టు లెక్క. ముట్లు ఎప్పుడు ఆగాయని అడిగితే, "గర్భసంచి తీయించుకున్న గద సారూ, చిన్నోడు బడికి పోయేటప్పుడే" అంది. అండాశయాలు ఉంచారా, తీశారా? ఆమెకు తెలియదు. కాగితం ఎలుకలు కొట్టేశాయట.

నన్నడిగితే ఈ ప్రాంతపు ఎముకల జబ్బు సగం ఆ కాగితంలోనే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తొలగింపుల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు దేశంలోనే ముందువరసలో ఉన్నాయి. ఎముకను తినేసే కణాలకు అండాశయాలు ఇచ్చే ఈస్ట్రోజన్ కళ్లెం వేస్తుంది. అండాశయాలు తీసేస్తే ఆ కళ్లెం ఒక్కరోజులో తెగుతుంది. అండాశయాలు ఉంచినా, గర్భసంచి పోయినవాళ్లలో అవి కొంత ముందే పనిచేయడం మానే అవకాశం ఎక్కువ. చిన్న వయసులో అండాశయాలు తీసినప్పుడు, వేరే అడ్డంకి లేకపోతే, సహజంగా ముట్లు ఆగే వయసుదాకా ఈస్ట్రోజన్ ఇవ్వాలి. అలా వాడుతున్నవాళ్లు నాకు అరుదుగా కనిపిస్తారు.

ఇక డబ్బా సంగతి. అది పూర్తిగా బూటకమని అనను. ఎముకంటే సున్నం ఒక్కటే కాదు. కొల్లాజెన్ అనే మాంసకృత్తి పడుగైతే కాల్షియం పేక. మగ్గాలు తెలిసిన సిరిసిల్ల వాళ్లకు ఇంతకుమించి చెప్పక్కర్లేదు. 2018లో జర్మనీ పరిశోధకులు ముట్లు ఆగిన ఆడవాళ్లకు రోజుకు 5 గ్రాముల కొల్లాజెన్ పెప్టైడ్లు ఏడాదిపాటు ఇచ్చి, వెన్నెముకలో, తుంటిలో సాంద్రత కాస్త పెరిగిందన్నారు. పాల్గొన్నది 131 మంది. పరిశోధకుల్లో కొల్లాజెన్ పరిశోధన సంస్థకు చెందినవారూ ఉన్నారు. ఎముకలు విరగడం తగ్గిందా అన్నది అక్కడ తేలలేదు. నాకు కావలసింది మాత్రం అదే. ఆర్జినిన్ అనే మరో అమైనో ఆమ్లం ఇచ్చి చూసినప్పుడు ఎముకకు ఒరిగిందేమీ కనిపించలేదు.

లైసిన్ గురించి జగిత్యాలలో ఒక రిటైర్డ్ టీచరమ్మ అడిగింది. కాల్షియం ఒంటికి పట్టడానికి అది సాయం చేస్తుందని ఎక్కడో చదివిందట. ఆ మాటలో కొంత నిజముంది. పొద్దున చాయ్, మధ్యాహ్నం అన్నం-పచ్చిపులుసు, రాత్రి జొన్నరొట్టె-కారం: ఇదీ ఆమె తిండి. బియ్యంలో, జొన్నలో తక్కువగా ఉండేది సరిగ్గా ఆ లైసినే. పప్పులో అది దండిగా ఉంటుంది. రోజూ పప్పు, పెరుగు, వారంలో కొన్నిసార్లు నువ్వులపొడి అని రాసిచ్చాను. (కొల్లాజెన్ పశువుల తోలు, చేపల పొలుసుల నుంచి వస్తుందని చెప్పగానే శాకాహారి అయిన ఆమె డబ్బాను బల్ల మీదే వదిలేసి వెళ్లింది.) ఐసీఎంఆర్ లెక్కన మాంసకృత్తులు కిలో బరువుకు 0.83 గ్రాములు, అంటే 55 కిలోల మనిషికి రోజుకు 46 గ్రాములు కావాలి. ముట్లు ఆగినవాళ్లకు కాల్షియం 1200 మిల్లీగ్రాములు. పచ్చిపులుసుతో ఇవి రెండూ రావు.

సిరిసిల్లలో కండెలు చుట్టే ఒక పెద్దమ్మ విషయంలో మాత్రం డబ్బా ప్రమాదమే. పడకుండానే వెన్నుపూస కుంగి నడుం వంగిపోయింది. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఏళ్ల తరబడి మింగిన గోలీల్లో ఎముకను గుల్లచేసే స్టెరాయిడ్ ఉంది. ఆపైన చక్కెర జబ్బు, దెబ్బతిన్న కిడ్నీలు. అలాంటివాళ్లు మాంసకృత్తుల పొడి తమంతట తాము తాగకూడదు. ఆపించాను. స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా కాకుండా మెల్లగా తగ్గించాం.

ఎముక ఇంతగా గుల్లబారాక మందే కావాలి. కిడ్నీలు బాగుంటే వారానికో అలెండ్రోనేట్ మాత్ర, లేదా ఏడాదికోసారి జోలెండ్రోనిక్ ఆమ్లం సెలైన్‌లో. పరగడుపున మాత్ర వేసుకుని అరగంట పడుకోకుండా ఉండాలని చెబితే, కోరుట్ల ఆమె "బీడీలకు కూసుంటే అరగంటేంది, పొద్దంత లేవ" అంది. అలా పొద్దంతా ఇంట్లో కూర్చోవడం వల్లే ఎండా తగలదు, నడకా ఉండదు. ఆమెకు విటమిన్ డి కూడా తక్కువే.

కొడుకులు పంపే డబ్బాను వద్దనలేకపోతే పోనీండి, నష్టం లేనివాళ్లు తాగండి. కానీ గర్భసంచి ఆపరేషన్ కాగితం మాత్రం పారేయకండి. అండాశయాలు తీశారో లేదో అందులో ఉంటుంది. 45 ఏళ్లలోపే తీసి ఉంటే, నొప్పి లేకపోయినా ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి డెక్సా గురించి అడగండి.