చప్పట్లు ఏ పాటకు?

వార్షికోత్సవం వచ్చిందంటే మా హాస్టల్లో ప్రతి ఏడాదీ ఒకటే తగాదా. ఏ పాట పాడాలి? మాలో సగం మంది అమ్మ మీదో చదువు మీదో పాడదామంటారు. మిగతా సగం మంది, రాత్రి లైట్లు ఆర్పాక పాడుకునే మా పప్పు పాటే పాడాలంటారు. అది మేమే కట్టుకున్న పాట. నీళ్ల పప్పుతో మొదలై, బాత్‌రూముల దగ్గర క్యూ మీదుగా సాగి, పెద్దల ముందు పలకకూడని మాటతో ముగుస్తుంది. హాస్టల్లో ఆ పాట రానివాడు లేడు.

కిందటి ఏడాది రెండూ పాడాం. మాలో బాగా పాడేవాడు నెల రోజులు సాధన చేసి అమ్మ పాట పాడాడు. ముందు వరుసలోని అతిథులు మాట్లాడుకుంటూనే ఉన్నారు. తర్వాత ఆ బూతుమాట రావలసిన చోట డప్పు మీద ఒక దెబ్బ వేసి, పప్పు పాట పాడాం. హాలు దద్దరిల్లింది. "వన్స్ మోర్" అన్నారు. ఆ రాత్రి అమ్మ పాట పాడినవాడు అన్నం తినలేదు.

అది చూసి మా ట్యూటర్ సార్ మమ్మల్ని కూర్చోబెట్టి చక్ బెర్రీ సంగతి చెప్పారు.

ఆయన 1926లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పుట్టిన నల్లజాతి గాయకుడు. తెల్లవాళ్ల పిల్లలకు ఒక బడి, నల్లవాళ్ల పిల్లలకు ఒక బడి ఉన్న రోజులవి. రాక్ అండ్ రోల్ సంగీతానికి పునాది వేసినవారిలో ఆయన ఒకరు. 1958లో 'జానీ బి. గూడ్' అనే పాట చేశారు. చదవడం, రాయడం అంతంతమాత్రంగా వచ్చిన ఒక పల్లెటూరి కుర్రవాడు గిటారు అద్భుతంగా వాయించడమే అందులో కథ. ఆ పాట అమెరికా హిట్ పాటల పట్టికలో 8వ స్థానం దగ్గర ఆగిపోయింది. అదే ఏడాది 'స్వీట్ లిటిల్ సిక్స్‌టీన్' 2వ స్థానం దాకా వెళ్లింది. మొదటి స్థానం మాత్రం దక్కలేదు.

మరి దేనికి దక్కింది? 'మై డింగ్-ఎ-లింగ్' అనే కొంటె పాటకు! పైకి అది పిల్లవాడి ఆటబొమ్మ గురించిన పాట. లోపలి అర్థం మా పాటలో చివరి మాట లాంటిదే. పైగా అది ఆయన కట్టింది కాదు. డేవ్ బార్తలోమ్యూ 1952లోనే పాడిన పాట. 1972 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని కోవెంట్రీ కచేరీలో చక్ బెర్రీ తాను పాడుతూ జనం చేత కూడా పాడించారు. ఆ రికార్డు అదే ఏడాది అమెరికాలోనూ, బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి చేరింది. దాన్ని ప్రసారం చేయవద్దని మేరీ వైట్‌హౌస్ అనే ఆవిడ బీబీసీని పట్టుబట్టినా ఫలితం లేకపోయింది. అమెరికాలో ఆయనకు జీవితం మొత్తం మీద దక్కిన మొదటి స్థానం అదొక్కటే.

మాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. "అయితే జనానికి ఎప్పుడూ ఇదేనా సార్ కావాల్సింది?" అని అడిగాం. సార్ మిగతా కథ చెప్పారు. 1977లో అంతరిక్షంలోకి వెళ్లిన రెండు వాయేజర్ నౌకల్లో మన భూమి సంగీతాన్ని బంగారు పూత రికార్డుల మీద పెట్టి పంపారు. అందులో చక్ బెర్రీ పాట కూడా ఉంది. అది డింగ్-ఎ-లింగ్ కాదు, 'జానీ బి. గూడ్'. ఆయన 2017లో కన్నుమూశారు. ఆ పల్లెటూరి కుర్రవాడు మాత్రం గ్రహాలన్నీ దాటి ఇంకా వెళుతూనే ఉన్నాడు.

మిత్రులారా, పప్పు పాట చెడ్డదని మేము అనడం లేదు. ఇల్లు గుర్తొచ్చి ఏడ్చే ఐదో తరగతి పిల్లవాణ్ణి నవ్వించింది ఆ పాటే. మా బాధ వేరే. నీళ్ల పప్పు అని పాడితే అతిథులు కడుపుబ్బ నవ్వారు. పప్పు ఎందుకు నీళ్లగా ఉందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

అందుకే ఈ ఏడాది వరస మార్చాం. ముందు పప్పు పాట, చివర్లో అమ్మ పాట. వాడు మళ్లీ నెల రోజులు సాధన చేశాడు. పెద్దలు దయచేసి అది అయ్యేదాకా భోజనాలకు లేవవద్దని మా మనవి.