నేటి గెలుపు, రేపటి జట్టు

ఎంతటి కరువులోనైనా రైతు విత్తనాల మూట విప్పి వండుకోవడానికి వెనుకాడుతాడు. అలాగని పొలం పదునై, విత్తే అదను వచ్చినా ఆ మూటను అటకమీదనే దాచుకొన్నవాణ్ణి వివేకి అని ఎవరూ అనరు. అమెరికాలో బేస్‌బాల్ జట్లను నడిపేవారికి ఈ ధర్మసంకటం ఏటా వేసవిలో ఎదురవుతుంది.

అక్కడి జట్లు ఆటగాళ్ళను పరస్పరం మార్చుకొంటాయి. విజయానికి చేరువలో ఉన్న జట్టు ఆరితేరిన ఆటగాణ్ణి తెచ్చుకొని, బదులుగా దిగువ తరగతి పోటీలలో శిక్షణ పొందుతున్న కుర్రవాళ్ళను ఇస్తుంది. ఓటములతో చితికిపోయి, పునాది నుంచి మళ్ళీ కట్టుకొంటున్న జట్టు ఆ కుర్రవాళ్ళను స్వీకరిస్తుంది. ఒకరికి నేడు కావాలి, మరొకరికి రేపు.

1987 ఆగస్టులో డెట్రాయిట్ టైగర్స్ గెలుపు అంచున ఉన్నది. బంతి విసరడంలో చెయ్యి తిరిగిన 36 ఏళ్ళ డోయల్ అలెగ్జాండర్‌ను అట్లాంటా బ్రేవ్స్ నుంచి తెచ్చుకొని, 20 ఏళ్ళ జాన్ స్మోల్ట్స్‌ను ఇచ్చివేసింది. స్మోల్ట్స్ ఆ ప్రాంతపు బిడ్డ. చిన్ననాటినుంచి టైగర్స్ అభిమాని. ఆ ఏడాది దిగువ తరగతిలో అతడు గెలిచినవి నాలుగు, ఓడినవి పది. అలెగ్జాండర్ మాత్రం 11 ఆటలు ఆరంభించి, తొమ్మిది గెలిచి, ఒక్కటీ ఓడలేదు. టైగర్స్ రెండే రెండు ఆటల ఆధిక్యంతో తన విభాగంలో అగ్రస్థానం పొందింది. ఆ తొమ్మిది విజయాలు లేకుంటే ఆ సంబరమే లేదు. కాని తరువాతి ఘట్టంలో మిన్నెసోటా చేతిలో ఓడిపోయింది. 1989లో ఆ జట్టు 103 ఆటలు ఓడింది. అలెగ్జాండర్ ఆడిన చివరి సంవత్సరమూ అదే.

అట్లాంటాకు ఫలితం వెంటనే దక్కలేదు. 1988లో 106 ఓటములు. వరుసగా మూడేళ్ళు తన విభాగంలో అట్టడుగు స్థానం. మొదటి ఏడాది స్మోల్ట్స్ రెండు గెలిచి ఏడు ఓడాడు. 'ఓపిక పట్టండి' అనడం యాజమాన్యానికి సులువే. టిక్కెట్టు కొన్నవాడికి కాదు. డెబ్బై ఏళ్ళు దాటిన ప్రేక్షకునికి 'వచ్చే ఏడు' అన్నది వాగ్దానం కాదు, ప్రార్థన. 1991లో ఆ జట్టు అట్టడుగునుంచి ఒక్కసారిగా లీగు విజేత అయింది. స్మోల్ట్స్ 1996లో సై యంగ్ బహుమతి పొందాడు; 2015లో కీర్తిమందిరంలో స్థానం సంపాదించాడు.

కథ ఇక్కడితో ఆపితే ఎల్లప్పుడూ రేపటినే నమ్ముకోవాలనిపిస్తుంది. కాని అదే అట్లాంటా 1993 జూలైలో ముగ్గురు కుర్రవాళ్ళను శాన్ డియాగోకు ఇచ్చి, ఫ్రెడ్ మెక్‌గ్రిఫ్ అనే బ్యాటర్‌ను తెచ్చుకొన్నది. అతడు 68 ఆటలలో 19 హోమ్‌రన్లు కొట్టాడు. అట్లాంటా 104 విజయాలు సాధించి, 103 సాధించిన శాన్‌ఫ్రాన్సిస్కోను ఒక్క ఆట తేడాతో దాటింది. అయినా తన కుర్రవాళ్ళలో మేటి అయిన చిప్పర్ జోన్స్‌ను మాత్రం వదులుకోలేదు. 1995లో ప్రపంచ విజేతగా నిలిచిన జట్టులో స్మోల్ట్స్, మెక్‌గ్రిఫ్, జోన్స్ ముగ్గురూ ఉన్నారు.

1987లో వేచి ఉన్నదీ, 1993లో తొందరపడినదీ ఒకే జట్టు. మారినది దాని స్వభావం కాదు, దాని స్థితి. గోడలు లేచిన ఇంటికి ఒక్క దూలం తక్కువైతే అప్పుచేసైనా తెచ్చుకోవడం తెలివి. పునాదే లేని చోటికి ఎంత మంచి దూలం తెచ్చినా అది ఎండకు ఎండి, వానకు తడిసి పాడవుతుంది. కనుక కొత్తగా జట్టు కట్టుకొంటున్నవారు బేరానికి బయలుదేరే ముందు లెక్కపెట్టుకోవలసింది సంతలోని దూలాలను కాదు, తమ ఇంటి గోడలను.