పుష్యమాసపు జలపాతం

జలపాతాన్ని ఫొటో తీయాలంటే శ్రావణ భాద్రపదాల్లోనే వెళ్లాలని అందరూ అంటారు. నా ఓటు మాత్రం పుష్యమాసానికే. కురుపాం దాటి గుమ్మలక్ష్మీపురం కొండల వైపు ఆటో మాట్లాడుకుంటే, "నీళ్లున్నప్పుడు రావాలి గానీ, ఇప్పుడొచ్చారేటి బాబూ?" అని అడుగుతారు. అడగడం న్యాయమే. అక్కడి తాడికొండ జలపాతం పేరు వినగానే ఎవరికైనా వానాకాలపు హోరే గుర్తొస్తుంది.

కానీ ఆ హోరు ఆకాశానిది. నిన్న కురిసింది ఇవాళ దూకేస్తుంది. పుష్యంలో రాతి మీద జారే సన్నని ధార అలాంటిది కాదు. నైరుతి వానలు, ఆశ్వయుజ కార్తీకాల తుపాన్లు కురిపించిన నీటిని రాలిన ఆకులూ వేళ్లూ ఆపితే, అది మట్టిలోకి, రాతి పగుళ్లలోకి ఇంకి, నెలల తరవాత ఊటగా బయటికొస్తుంది. ఇలాంటి ఊటలనే పైపులు వేసి దింపుకుని తాగే గిరిజన గ్రామాలు ఈ తూర్పు కనుమల్లో ఉన్నాయి. ఈ చుట్టుపక్కల గెడ్డలు చాలావరకు నాగావళిలోనే కలుస్తాయి. ఎండాకాలం ముందు ఏటిలో పారే నీటిలో కొండ దాచిపెట్టిన వాటా ఉంటుంది. చలికాలపు ఫొటోలో నాకు కావలసింది ఆ వాటానే.

ఇదే కనుమల్లో, ఒడిశా సరిహద్దున మాచ్‌ఖండ్ నది మీదున్న డుడుమ జలపాతం 170 మీటర్లకు పైగా ఎత్తు నుంచి పడుతుంది. 1955లో జలవిద్యుత్ కేంద్రం మొదలయ్యాక నీరు అటు మళ్లింది. అక్కడ ధార సన్నబడితే అది అడవి సంగతి చెప్పదు. పేరులేని చిన్న గెడ్డ చెబుతుంది.

ఎండ లోయలోకి దిగకముందే తీయాలి. దిగిందంటే ఫొటోలో నీరు వివరాలేవీ లేకుండా తెల్లబారిపోతుంది. ఈ కాలంలో ఫ్రేములో నల్లరాయే ఎక్కువ కాబట్టి కెమెరా దాన్ని చూసి వెలుగు పెంచేస్తుంది. ఎక్స్‌పోజరును ఒక స్టాపు తగ్గించాలి. షటరు సెకన్లకొద్దీ తెరిచిపెట్టి నీటిని పట్టుబట్టలా చూపించే పద్ధతి నాకు నచ్చదు. అలా చేస్తే నీరు ఏ పగులులోంచి వస్తోందో, ఏ అంచున చీలుతోందో చెరిగిపోతుంది. సెకనులో పదిహేనో వంతు చాలు. కదలికా ఉంటుంది, దారీ తెలుస్తుంది. తడిరాతి మెరుపును పోలరైజరు తగ్గిస్తే నాచు పచ్చదనం, రాతిమీది పాత నీటి చారలు పైకి తేలతాయి. వానాకాలంలో ధార ఎంత వెడల్పున పడిందో ఆ చారలే చూపిస్తాయి.

ఒక్క ఫొటోతో ఆగకూడదు. అదే బండ మీద, అదే లెన్సుతో, ఏటా పుష్యంలోనే తీయాలి. ఫొటో వెనక ఆ ఏడు వాన ఎంత పడిందో, పైన కొండవాలులో చెట్లు కొట్టారో లేదో రాసుకోవాలి. ధార తగ్గినప్పుడు అది వాన లోటా, అడవి లోటా అని ఊరివాళ్లు అడిగితే ఆ వరస తీసి వాళ్ల ముందు పరచవచ్చు.